నీళ్లు ఉంచండి, ఇనుము దించండి

ప్రశ్న: నల్లగొండ నుంచి మిర్యాలగూడ వెళ్లే దారిలో మాకు 11 ఎకరాల వినోద పార్కు ఉంది. మా నాన్నగారు, చిన్నాయన, నేను కలిసి 2014లో మొదలుపెట్టాం. 6 ఎకరాల్లో నీటి ఆటలు, 4 ఎకరాల్లో జెయింట్ వీల్, కొలంబస్, టోరాటోరా, బొమ్మ రైలు, మిగిలిన ఎకరంలో పార్కింగు, క్యాంటీను ఉన్నాయి. 2015 ఎండాకాలంలో 46,000 మంది వచ్చారు. 2019లో 29,000 మంది. కరోనా తర్వాత తేరుకోలేకపోయాం. నిరుడు ఎండాకాలంలో 21,000 మంది, ఏడాది మొత్తం మీద 36,000 మంది వచ్చారు. ఖర్చులు, బ్యాంకు వాయిదా కలిపి సాలుకు 22 లక్షలు చేతి నుంచి పెట్టుకుంటున్నాం. ఇంకా 38 లక్షల బాకీ ఉంది. 34 మంది పనివాళ్లున్నారు. మా అబ్బాయి 3 కోట్లు అప్పు తెచ్చి వేవ్ పూల్ (అలలు లేచే కొలను) కట్టి, పేరు మార్చి, సాగర్ వెళ్లేవాళ్లను ఇటు తిప్పుదామంటున్నాడు. ఎకరం 70 లక్షలు పలుకుతుందని ఒక ఏజెంటు చెప్పాడని, ప్లాట్లు చేసి అమ్మేద్దామని చిన్నాయన అంటున్నాడు. తాను ఉన్నన్నాళ్లు గేటు మూయవద్దని నాన్నగారు అంటున్నారు. మాకు దారి చెప్పగలరు. — ఒక పాఠకుడు, నల్లగొండ జిల్లా

సమాధానం: మీరు ఉత్తరంతో పాటు పంపిన జమాఖర్చుల కాగితాలు రెండుసార్లు చదివాను. అవి చాలవనిపించి, మే నెల ఆఖరి ఆదివారం నల్లగొండ బస్టాండులో మిర్యాలగూడ బస్సెక్కి, మీ గేటు దగ్గర దిగి, 350 రూపాయల టికెట్టు కొనుక్కుని లోపలికి వచ్చాను. ముందుగా కబురు చేసి వస్తే మీరు కుర్చీ వేసి చాయ్ తెప్పించేవారు, నేను చూడవలసినవి నాకు కనపడేవి కావు. కారణాలు తర్వాత చెబుతాను, ముందు నా అభిప్రాయం వినండి. 3 కోట్ల అప్పు వద్దు. పదకొండెకరాలూ ఇప్పుడే అమ్మవద్దు. ఇప్పుడు నడుస్తున్నట్టు నడపడం అన్నిటికన్నా వద్దు. ఇనుప రైడ్లు దించేసి, నీటి ఆటలు ఉంచి, జనం వచ్చే రోజుల్లో మాత్రమే గేటు తెరిచి రెండు ఎండాకాలాలు చూడండి. అప్పటికీ లెక్క కుదరకపోతే మీ చిన్నాయన మాటే సరైనది.

మీరు నెపమంతా కరోనా మీద వేశారు గానీ, మీ అంకెలు ఆ మాట అనడం లేదు. 2015కూ నిరుటికీ నడుమ ఎండాకాలంలో తగ్గినవారు 25,000 మంది అయితే, వారిలో 17,000 మంది 2019 నాటికే, అంటే కరోనా అన్న పేరు మనం వినకముందే, రావడం మానేశారు. ఆ నడుమ కాలంలో, 2016 ఏప్రిల్‌లో, హైదరాబాదు శివార్లలో రావిర్యాల దగ్గర వండర్‌లా అనే పెద్ద వినోద పార్కు తెరుచుకుంది. నల్లగొండ నుంచి హైదరాబాదు వంద కిలోమీటర్ల దూరమే కాబట్టి, నార్కట్‌పల్లి దగ్గర పెద్ద రోడ్డెక్కితే పొద్దున వెళ్లి రాత్రికి ఇంటికి రావచ్చు. కార్లున్న కుటుంబాలు, కాలేజీ పిల్లలు అటు మళ్లారు, మళ్లీ ఇటు తిరగరు. మీ దగ్గరికి ఇప్పటికీ వచ్చేదెవరో ఆ ఆదివారం గేటు పక్కన గంటసేపు నిలబడి చూశాను. ఆటోలు మాట్లాడుకుని వచ్చిన ఊళ్లవాళ్లు, ఒకే బండి మీద ఇద్దరు పిల్లలతో వచ్చిన ఆలుమగలు, ఎండాకాలానికి చుట్టపుచూపుగా దిగిన పిల్లలందరినీ వెంటేసుకొచ్చిన మేనమామలు. వీళ్లు యాసంగి వడ్ల పైసలు చేతికొచ్చిన వారంలో, పిల్లలు పోరు పెడితే, దగ్గర్లో ఉందని వచ్చినవాళ్లు. వీళ్లు కోరేది వేవ్ పూల్ కాదని నా నమ్మకం. అది చూడాలనుకున్నవారు దాన్ని ఈపాటికే హైదరాబాదులో చూసి వచ్చారు.

మీ అబ్బాయి ఆలోచనను తీసిపారేయకుండా లెక్క వేసి చూద్దాం. 3 కోట్లు 12 శాతం వడ్డీకి ఏడేళ్ల గడువుతో తెస్తే నెలకు 5 లక్షల 30 వేలు, సాలుకు 63 లక్షల పైచిలుకు కట్టాలి. 350 టికెట్టులో 18 శాతం జీఎస్టీ పోతే మీకు వచ్చేది 297. దానికి క్యాంటీను మీద వచ్చే నలభయ్యో ఏభయ్యో కలిపి, ఒక్కో మనిషి మీద అయ్యే ఖర్చు తీసేస్తే మిగిలేది సుమారు 275 రూపాయలు. కొత్త వాయిదాకు, ఇప్పటికే ఉన్న 22 లక్షల లోటుకు కలిపి చూస్తే ఇప్పుడు వచ్చే 36,000 మందికి తోడు మరో 31,000 మంది రావాలి. ఒక ఏడాది వస్తే సరిపోదు, వరుసగా ఏడేళ్లు రావాలి. కొత్తది పెట్టిన మొదటి ఎండాకాలం జనం ఎగబడవచ్చు, మూడో ఎండాకాలానికి అది పాతదవుతుంది. నేను బ్యాంకులో అప్పుల విభాగంలో పనిచేసిన రోజుల్లో ఇలాంటి ప్రాజెక్టు రిపోర్టులు చాలా చదివాను. వాటన్నిటిలోనూ మొదటి ఏడాది రద్దీని ఆఖరి ఏడాది దాకా సాగదీసి రాసేవారు.

సాగర్ జనం సంగతి కూడా అంతే. హైదరాబాదు నుంచి నాగార్జునసాగర్ వెళ్లేవారు ఇబ్రహీంపట్నం, మాల్, మల్లేపల్లి మీదుగా వెళ్తారు, నల్లగొండ ఊరి ముఖమే చూడరు. 2022లో సాగర్ దగ్గర బుద్ధవనం పార్కు తెరిచాక అక్కడికి వెళ్లేవారిదీ అదే దారి. పైగా డ్యాం గేట్లెత్తారని జనం సాగర్‌కు పోయేది వానాకాలంలో. అప్పుడు మీ స్లైడ్ల మీద కాకులు తప్ప ఎవరూ ఉండరు.

అప్పుల్లో పడి తేరుకున్న పార్కు లేదా అంటే ఉంది. పారిస్ దగ్గర 1992 ఏప్రిల్‌లో తెరిచిన యూరో డిస్నీ రెండేళ్లలో అప్పుల కింద కూరుకుపోయింది. వాళ్లు 1994లో ముందుగా బ్యాంకులతో కూర్చుని వడ్డీలు, వాయిదాలు సర్దుబాటు చేయించుకున్నారు. ఆ తర్వాతే, 1995లో, పెద్దల టికెట్టును 250 ఫ్రాంకుల నుంచి 195కు దించి, కొత్త రైడు తెరిచి, ఆ ఏడాదే మొదటిసారి లాభం చూశారు. వాళ్ల స్థాయికీ మన స్థాయికీ పోలిక లేదు, నేను చెప్పేది వరుస గురించి. అప్పు భారం ముందు దిగింది, ధర తర్వాత దిగింది, కొత్త రైడు ఆఖరున వచ్చింది. మీ అబ్బాయి ఆ వరుసను తలకిందులు చేస్తున్నాడు.

ఇక ఇనుము. మీ కొలంబస్ ఊగుతున్నప్పుడు ఎడమ వైపు బేరింగు దగ్గర ప్రతి ఊపుకూ టక్కుమని ఒక చప్పుడు వస్తోంది. నడిపే కుర్రవాణ్ని అడిగితే, “గ్రీజు పెడితే రెండు రోజులు పోతది సార్, మళ్ల అస్తది” అన్నాడు. జెయింట్ వీల్ డబ్బాల తలుపుల్లో రెండింటికి గొళ్లేనికి బదులు కట్టుతీగ చుట్టారు. దీన్ని నేను నష్టాల జాబితాలో రాయడం లేదు, దీని లెక్క వేరు. 2019 జూలైలో అహ్మదాబాదు కాంకరియా చెరువు గట్టు మీది పార్కులో ఊగే రైడు ఒకటి విరిగిపడి ఇద్దరు చనిపోయారు, చాలామంది గాయపడ్డారు. తిరిగే ఇనుముకు, ఊగే ఇనుముకు లోపల పుట్టే పగులు రంగు కింద కనపడదు. పిన్నులు, షాఫ్టులు విప్పించి అల్ట్రాసోనిక్ పరీక్ష చేయించినప్పుడే బయటపడుతుంది. ఆ పరీక్షలు, బేరింగులు, మోటార్లు అన్నీ లెక్కవేస్తే, పదేళ్లు దాటిన ఈ రైడ్లను సక్రమంగా నిలబెట్టడానికి అయ్యే ఖర్చు అవి తెచ్చే డబ్బుకు మించుతుంది. మీ టికెట్టు ఒకటే కాబట్టి అవి విడిగా ఎంత తెస్తున్నాయో మీ కాగితాల్లో లేదు. నేను చూసిన మూడు గంటల్లో మాత్రం జెయింట్ వీల్ నాలుగుసార్లు తిరిగింది, నీళ్లలో 500 మంది ఉన్నారు. కాబట్టి ఈ ఉత్తరం చదివిన రోజే కొలంబస్ ఆపేయండి, మిగిలినవి ఈ వానాకాలంలో దించేయండి. ఒక్క బొమ్మ రైలు ఉంచండి. అది నేల మీద మెల్లగా నడుస్తుంది, నీళ్లంటే ఏడ్చే చంటిపిల్లలకు అదే దిక్కు.

దించిన రైడ్ల కోసం జాతరల్లో, ఎగ్జిబిషన్లలో ఆటలు పెట్టేవాళ్లు వస్తారు. చెరువుగట్టు, పెద్దగట్టు లాంటి జాతరలున్న జిల్లాలు మనవి, గిరాకీకి కొదవ ఉండదు. తుక్కు ధర మీద రెట్టింపు ఇస్తామంటారు. పరీక్ష చేయించి, బాగుందని ఇంజనీరు రాసిచ్చిన కాగితం లేకుండా ఏ రైడునూ ఆడేట్టుగా అమ్మకండి. కాగితం రాకపోతే కోయించి కిలోల లెక్కన అమ్మండి. మీ గేటు లోపల ప్రమాదమని ఆపినది మరొకరి జాతరలో ప్రమాదం కాకుండా పోదు.

ఇప్పుడు రోజుల లెక్క. మీ నష్టం పుడుతున్నది ఇక్కడే, దీన్ని మీ ముగ్గురిలో ఎవరూ పట్టించుకున్నట్టు లేదు. 36,000 మందిలో 21,000 మంది ఎండాకాలపు 85 రోజుల్లో వచ్చారు. మరో 7,000 మంది నవంబరు నుంచి జనవరి దాకా బడుల విహారయాత్రల్లో వచ్చారు. మిగిలిన 190 రోజుల్లో, వానలోనూ ముసురులోనూ కలిపి, వచ్చినవారు 8,000 మంది, అంటే రోజుకు నలభై రెండు మంది. నలభై మంది టికెట్ల మీద మీకు వచ్చేది 12,000 లోపే. ఆ రోజు 34 మంది జీతాలకే, మనిషికి నెలకు 14,000 చొప్పున, దాదాపు 16,000 అవుతుంది. కరెంటు, క్లోరిన్, డీజిల్ దాని మీద. జూలైలో ఒక మంగళవారం గేటు తెరిచిన ప్రతిసారీ మీరు డబ్బిచ్చి మరీ జనాన్ని లోపలికి పిలుస్తున్నారు. బడులు ఏప్రిల్ నాలుగో వారంలో మూసి జూన్ 12న తెరుస్తారు, మీ అసలు పంట ఆ ఏడు వారాలదే. పొలం ఏడాదంతా తడిపి ఒక్క పంట కోసుకునే రైతు మన దగ్గర లేడు.

ఎండాకాలం 85 రోజులు రోజూ, చలికాలంలో ముందుగా బుక్ చేసుకున్న బడులకు మాత్రమే తెరిచి, పన్నెండు మందిని ఏడాది పొడవునా, పది మందిని ఆరు నెలలు, మిగిలిన పన్నెండు మందిని మూడు నెలలు ఉంచుకుంటే జీతాలు 57 లక్షల నుంచి 34 లక్షలకు దిగుతాయి. కరెంటు, మరమ్మతు, ప్రచారం కూడా తగ్గి మొత్తం ఖర్చు మీ 132 లక్షల నుంచి 82 లక్షల దగ్గర ఆగుతుంది. ఆ 28,000 మంది టికెట్లు, క్యాంటీను కలిపి 95 లక్షలు వస్తే 13 లక్షలు మిగులు. రాబడి పదో వంతు తగ్గితే మూడున్నర లక్షలే మిగులు, అది మీ 12 లక్షల వాయిదాకు సరిపోదు. అందుకే అప్పు ముందు పోవాలి.

దానికి మీ చిన్నాయన ఉత్సాహం ఉపయోగపడుతుంది. ఇనుము దించిన నాలుగెకరాల్లో ఒక్క ఎకరం అమ్మమని ఆయనకు చెప్పండి. 70 లక్షలన్నది ఏజెంటు నోటిమాట, కొనేవాడి చెక్కు కాదు. అది నిజంగా పలికితే, పన్నుల దగ్గర కాస్త అటూ ఇటూ అయినా, 38 లక్షల బాకీ తీరి పనివాళ్లకు ఇవ్వవలసినదీ వస్తుంది. 40 దగ్గరే ఆగిపోతే, పదకొండెకరాల మీద ఆయన వేసుకున్న లెక్క ఎంత పొంగిందో ఇంట్లో అందరికీ తెలుస్తుంది. ఆ ఎకరం బ్యాంకు తాకట్టులో ఉండి ఉంటుంది కాబట్టి బేరం కుదిరాక కాదు, కుదరకముందే బ్యాంకుకు వెళ్లి, సొమ్ము నేరుగా అప్పు ఖాతాలో పడే షరతు మీద ఆ మేరకు తాకట్టు విడిపించేట్టు రాతపూర్వకంగా అడగండి.

పనివాళ్ల మాట ఉత్తరంలో ఒక్క వాక్యంతో సరిపెట్టారు. ఏడాది పొడవునా ఉన్న మనిషిని మూడు నెలల మనిషిగా మార్చడమంటే ఉన్న ఉద్యోగం తీసేయడమే. నెల ముందు నోటీసు, చేసిన ప్రతి ఏడాదికీ పదిహేను రోజుల వేతనం చొప్పున పరిహారం, ఐదేళ్లు నిండినవారికి గ్రాట్యుటీ ఇవ్వాలి. ఎనిమిదేళ్లు చేసినవారికి రెండూ కలిపి లక్షా పాతిక వేల దగ్గర తేలుతుంది, ఇరవై ఇద్దరికి 27 లక్షలు. ఇది దయ కాదు, బాకీ, బ్యాంకు బాకీ కన్నా ముందు వరుసలో ఉండవలసినది. ఈ డబ్బు చేతిలో లేకుండా ఎవరినీ తీయకండి.

పార్కులో డబ్బు పెట్టవలసిన చోట్లు లేకపోలేదు, వాటికి కోట్లు అక్కర్లేదు. ఆడవాళ్లు బట్టలు మార్చుకునే ఆరు గదుల్లో నాలుగింటికి గడియ లేదు. ఒకరు లోపలుంటే మరొకరు బయట తలుపు పట్టుకుని నిలబడుతున్నారు, ఆ వరుస క్యాంటీను దాకా సాగింది. మా వెనకే వచ్చిన ఒక తల్లి, ఆ వరుస చూసి, నీళ్లలో దిగకుండానే పిల్లల చెప్పులు కాపలా కాస్తూ ఎండలో కూర్చుంది. నీడంటే మీ దగ్గర ఉన్నది ఒక్క వేపచెట్టు. పెద్ద స్లైడ్‌లో ఫైబర్ ముక్కలు అతికిన చోట సున్నపు పొర తెల్లగా పేరుకుని వేలికి గరుకుగా తగులుతోంది. ఒక పిల్లవాడు కిందికొచ్చి మోచేయి చూసుకుంటుంటే చర్మం లేచిపోయి కనిపించింది. మన బోరునీళ్ల చవుడు సంగతి మీకు చెప్పనక్కర్లేదు. నీటి పీహెచ్ 7.2 నుంచి 7.8 లోపల, క్లోరిన్ లీటరుకు ఒకటి నుంచి మూడు మిల్లీగ్రాముల లోపల ఉండేట్టు పూటకోసారి పరీక్షించి, ఆ అంకెలు గేటు దగ్గర పలక మీద రాయించండి. నీళ్లలో ఫ్లోరైడును తగ్గించే పద్ధతికే నల్లగొండ టెక్నిక్ అని పేరు పడిన జిల్లా ఇది. మీ తాగునీటి కుళాయి పక్కన ఆ నీళ్లు ఎక్కడివో చెప్పే ముక్క ఒక్కటి లేదు, తల్లులు 20 రూపాయల సీసాలు కొంటున్నారు, కొనలేనివాళ్లు తొందరగా వెళ్లిపోతున్నారు.

అన్నిటికన్నా నన్ను బాధించినది గేటు దగ్గర సద్ది డబ్బాలు ఆపడం. ఆటోలో దిగిన తొమ్మిది మంది పులిహోర గిన్నె, పెరుగన్నం తెచ్చుకున్నారు. మీ వాచ్‌మన్ లోపలికి రానివ్వకపోతే రోడ్డు పక్కన దుమ్ములో కూర్చుని పొద్దున పదిన్నరకే తినేశారు. మధ్యాహ్నం రెండింటికి ఆకలైన పిల్లలను తీసుకుని ఇంటికి వెళ్లిపోయారు. మీరు కాపాడుకున్నది నాలుగు ప్లేట్ల ఫ్రైడ్ రైస్. అన్నం రానిచ్చి, చెట్ల కింద బల్లలు వేయించి, ఐస్‌క్రీమూ చాయ్ అమ్ముకోండి.

లెక్క ఒక్కటే కొలత అయితే మీ చిన్నాయన గెలుస్తారని ఒప్పుకోవాలి. పదెకరాలు ఏజెంటు ధరలో సగానికి అమ్ముడుపోయినా, మూడున్నర కోట్ల మీద డిపాజిట్టు వడ్డీ, ఆరున్నర శాతం చొప్పున, సాలుకు 22 లక్షలు దాటుతుంది. చిన్నగా నడిపే పార్కు బాగా నడిచినా 13 లక్షలు. ఢిల్లీలో 1984లో తెరిచిన అప్పూ ఘర్ 2008లో మూతపడినప్పుడు దాని స్థలం మెట్రోకూ సుప్రీంకోర్టు విస్తరణకూ పోయింది. భూమికి పార్కు కన్నా పెద్ద గిరాకీ వచ్చిన చోట పార్కు నిలవదు. అయినా రెండేళ్లు ఆగమనడానికి కారణముంది. భూమి ధర ఇంకా కాగితం మీదికి రాలేదు, రెండేళ్లలో అది ఎక్కడికీ పారిపోదు. నష్టం ఆగాక అమ్మేవాడికి ఉండే నిబ్బరం, వాయిదాకు తడుముకుంటూ అమ్మేవాడికి ఉండదు.

నాన్నగారి గురించి. ఆ ఆదివారం నా టికెట్టు చింపి సగం చేతికిచ్చిన తెల్లపంచె పెద్దాయన ఆయనే అనుకుంటాను. “పిల్లల్లేరా?” అని అడిగారు, లేరంటే “నీళ్లు చల్లగున్నయి, కాళ్లన్న పెట్టుకోండి” అన్నారు. పాలమూరు పిల్లలమర్రి కొమ్మ విరిగి పడ్డాక, 2017 ఆఖరులో, జనాన్ని లోపలికి రానివ్వడం ఆపేసి, చెదలు పట్టిన మానుకు సెలైన్ సీసాలతో మందు ఎక్కించిన సంగతి ఆయనకు గుర్తుండే ఉంటుంది. గేటు మూసినప్పుడు ఆ చెట్టు మీద ఆశ వదులుకున్నారని ఎవరూ అనలేదు. వానాకాలం మూత కూడా అలాంటిదేనని ఆయనకు మీరే కూర్చుని చెప్పండి, అబ్బాయితో చెప్పించకండి. అయితే మర్రి కొత్త ఊడలు దింపుకుంటుంది, జెయింట్ వీల్ దింపుకోదన్న మాట కూడా దాచకండి.

ఆషాఢం దాటేలోపు నలుగురూ ఒక కాగితం మీద మూడు అంకెలు రాసుకోండి. రెండో ఎండాకాలం జూన్ 12 నాటికి వచ్చిన జనం 18,000కు తగ్గితే, లేదా ఆ ఏడాది ఖర్చులు పోను 3 లక్షలు కూడా మిగలకపోతే, లేదా ఆ లోపల ఎవరి పేరు మీదనైనా పార్కు కోసం లక్షకు మించి కొత్త అప్పు పుడితే, మిగిలిన పదెకరాల బేరం చిన్నాయన చేతికి ఇవ్వాలి. అప్పుడు మళ్లీ నాలాంటివాడికి ఉత్తరం రాయనక్కర్లేదు. మీ అబ్బాయి చేత ఆ కాగితం రాయించండి, మొదటి సంతకం నాన్నగారిది ఉండాలి.